సామీ పేషెంట్ "పర్లేదు" అంటే అక్కడితో వదిలేయకండి

నార్వే ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్‌కి ఉద్యోగానికి వస్తున్న మన నర్సులు నాకు మెసేజ్ పెట్టి అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి. చలికి ఏం కొనుక్కోవాలి, చలికాలంలో రెండు నెలలు సూర్యుడు కనిపించడట నిజమేనా, నార్వేజియన్ ఎంత వస్తే డ్యూటీలో నెట్టుకురాగలం. వీటన్నిటికీ జవాబులు ఎక్కడైనా దొరుకుతాయి. ఎవరూ అడగనిది, నేను వచ్చినప్పుడు నన్నెవరూ కూర్చోబెట్టి చెప్పనిది ఒకటుంది. ఇక్కడ మీ చేతిలో పడే పేషెంట్లలో చాలామంది సామీలు. వాళ్ళని కూడా మిగతా నార్వేజియన్లలాగే చూసుకుంటే మర్యాదకి లోటు రాదేమో గానీ నర్సింగ్‌లో మాత్రం తప్పులు జరుగుతాయి. నా వల్ల జరిగాయి కాబట్టే ఇది రాస్తున్నాను.

సామీలు ఈ నేలకి ఆదివాసులు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌ల ఉత్తర భాగాలు, రష్యాలోని కోలా ద్వీపకల్పం, ఇవన్నీ కలిపి తమ నేలని సాప్మి అంటారు. సామీ అంటే ఒక్క భాష కాదు, ఇప్పటికీ మాట్లాడుతున్నవి తొమ్మిది దాకా ఉన్నాయి, ఎక్కువమందిది ఉత్తర సామీ. వీటికి ఫిన్నిష్‌తో దూరపు చుట్టరికం ఉంది గానీ నార్వేజియన్‌తో ఏ సంబంధమూ లేదు. పాత పుస్తకాల్లో కనిపించే "లాప్" అన్న మాట నోట రానివ్వకండి, అది వాళ్ళకి తిట్టు. ఇంకోటి, సామీ అనగానే అందరూ రెయిన్‌డీర్ మందలు కాసేవాళ్ళే అనుకోవద్దు, మందలున్నవాళ్ళు తక్కువే. తీరంలో చేపలు పట్టే కుటుంబాలున్నాయి, టీచర్లున్నారు, మీ పక్కన రౌండ్స్‌కి వచ్చే డాక్టరు కూడా సామీ కావచ్చు. మందలున్న ఇంటివాళ్ళు వస్తే మాత్రం "మీకెన్ని ఉన్నాయి?" అని సరదాకి కూడా అడగకండి. బ్యాంకులో ఎంత వేశారు అని అడిగినట్టే ఉంటుంది.

ముందు కూర్చోండి

నేను చేరిన మొదటి చలికాలం. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ మా దగ్గరికి వచ్చింది. పొద్దున్నే వెళ్ళి, సున్నా నుంచి పదిలో నొప్పి ఎంత అని అడిగాను. "పర్లేదు" అంది. పదిలో రెండు అని రాసుకోనా అంటే తలూపింది. రాసేశాను, వచ్చేశాను. మూడు షిఫ్టులు వరసగా అందరం అదే రాశాం. నాలుగోసారి మాతో పనిచేసే ఒక సామీ అసిస్టెంట్ కాఫీ పట్టుకుని వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను పక్కన మందులు సర్దుతూ వింటున్నాను. నొప్పి మాటే ఎత్తలేదు. మంచు ఎలా ఉంది, ఫలానా చెరువు మీద ఐసు గట్టిపడిందా, ఎవరి కొడుకు ఎక్కడున్నాడు, ఇలా పావుగంట. మధ్యలో ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడకుండా ఊరికే కిటికీలోంచి బయటికి చూశారు. అప్పుడు నాకు కనిపించింది, ఆవిడ కప్పు పట్టుకుని ఉంది గానీ ఒక్క గుక్కైనా తాగలేదు, రెండో చెయ్యి దుప్పటి అంచుని ముడిచి పట్టుకుని వేళ్ళు తెల్లబడిపోయి ఉంది. ఆ తర్వాత చాలా మెల్లగా, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు, "ఈ ఇంట్లో రాత్రుళ్ళు పొడుగ్గా ఉంటాయి" అంది. రెండు రాత్రులుగా ఆవిడ నిద్రపోలేదు. డాక్టర్‌ని పిలిచి మందు మార్పించాక సాయంత్రానికి కాఫీ తాగింది.

ఉత్తర సామీలో "బిర్గెత్" అని ఒక మాట ఉంది. ఉన్నదాంతో నెట్టుకురావడం, ఎవరి మీదా పడకుండా తన బతుకు తాను బతకడం, ఆ అర్థంలో వాడతారు. అది వాళ్ళు పిల్లలకి చిన్నప్పటి నుంచి నేర్పే గుణం. అందుకే జబ్బు గురించి, నొప్పి గురించి, ముఖ్యంగా మనసులో బాధ గురించి, సూటిగా అడిగితే సూటిగా చెప్పరు. దాచాలని కాదు. చుట్టూ తిరిగి మాటకి దగ్గరగా రావడం వాళ్ళ పద్ధతి.

కాబట్టి చేయాల్సింది ఇది. తలుపు దగ్గర నిలబడి అడగకండి, కూర్చోండి, కాఫీ ఇవ్వండి, ఇచ్చి మీరూ ఒక కప్పు పట్టుకోండి. నొప్పి ఉందా అని కాకుండా పనుల గురించి అడగండి: రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకున్నారు, సాక్సు మీరే తొడుక్కున్నారా, ఇంట్లో అయితే ఈపాటికి ఏం చేస్తుండేవారు. జవాబుల్లో మీకు కావలసింది దొరుకుతుంది. అడిగాక ఆగండి. మన తెలుగువాళ్ళకి ఇది నిజంగా కష్టం, ఎదుటి మనిషి రెండు క్షణాలు మాట్లాడకపోతే మనకి టెన్షన్ వచ్చేస్తుంది, ఏదో ఒకటి అనేసి ఆ ఖాళీ నింపుతాం. ఇక్కడ ఆ ఖాళీలోనే మనిషి ఆలోచించుకుంటాడు, మీరు నింపేస్తే రావలసిన మాట వెనక్కి పోతుంది. "పక్కింటాయనకి ఇలా ఛాతీలో పట్టేసేదట" అని ఎవరైనా చెప్తే అది కబురు అనుకుని వదిలేయకండి, బీపీ చూడండి, ఈసీజీ తీయించండి. హ్యాండోవర్‌లో "నొప్పి లేదు" అని కాకుండా "నొప్పి లేదని చెప్పారు, కానీ కాఫీ ముట్టలేదు, ఎడమ పక్కకి తిరగలేదు" అని చెప్పండి. తర్వాతి నర్సుకి అది పనికొస్తుంది.

వాళ్ళ భాష ఎందుకు మూగబోయిందో తెలుసుకోండి

ఇది చరిత్ర పాఠం అనుకుని దాటేయకండి, వార్డులో రోజూ అవసరం పడుతుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి దాదాపు వందేళ్ళకి పైగా సామీలని నార్వేజియన్లుగా మార్చాలన్నది ఇక్కడి ప్రభుత్వ విధానం. 1898లో బడుల్లో సామీ భాష వాడకాన్ని దాదాపు తుడిచిపెట్టే ఉత్తర్వు వచ్చింది. 1902 నాటి చట్టం ప్రకారం నార్వేజియన్ రానివాళ్ళకి ఫిన్‌మార్క్‌లో ప్రభుత్వ భూమి కొనుక్కునే వీలు లేదు. ఏడేళ్ళ పిల్లల్ని ఇంటికి దూరంగా హాస్టల్ బడుల్లో పెట్టేవారు, అక్కడ మాట్లాడేది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. స్వీడన్‌లో 1922లో ఉప్సాలాలో జాతుల జీవశాస్త్ర సంస్థ అని ప్రభుత్వమే పెట్టి సామీల పుర్రెలు కొలిపించింది. కొలిచినవాళ్ళలో డాక్టర్లున్నారు. తెల్లకోటు చూడగానే ఒక ముసలాయన ముడుచుకుపోతే దాని వెనక ఇంత ఉండొచ్చు.

నార్వేలో సామీ పార్లమెంటు 1989లో ఫిన్‌మార్క్‌లోని కరాషోక్‌లో మొదలైంది. 1997లో రాజు ఐదో హరాల్డ్ అక్కడికే వచ్చి క్షమాపణ చెప్పాడు. జరిగిన అన్యాయం మీద వేసిన కమిషన్ నివేదిక 2023లో వచ్చింది, నార్వే పార్లమెంటు 2024 నవంబరులో క్షమాపణ చెప్పింది. తారీఖులు చూడండి. మీ వార్డులో ఎనభై ఏళ్ళావిడకి ఆ హాస్టల్ గది నిన్నటి సంగతి.

అందుకని "మీరు సామీనా?" అని ఫారం నింపుతున్నట్టు అడగకండి. తీరప్రాంతంలో చాలా కుటుంబాలు తాము సామీలమన్న మాటే పిల్లలకి చెప్పకుండా దాచుకున్నాయి, ఆ ప్రశ్న కొందరికి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "చిన్నప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు?" అని అడగండి. ఆ తర్వాత "ఇక్కడ ఏ భాషలో మాట్లాడితే మీకు తేలిగ్గా ఉంటుంది?" అనండి. రెండోదానికి నార్వేజియనే అంటే, సరే, వాళ్ళిష్టం.

మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళ సంగతి వేరు. తర్వాత నేర్చుకున్న భాష ముందు పోతుంది, అమ్మ దగ్గర నేర్చుకున్నది చివరిదాకా ఉంటుంది. నిన్నటిదాకా నార్వేజియన్‌లో మాట్లాడిన మనిషి ఇవాళ జవాబివ్వకపోతే జబ్బు ముదిరిందని రాసే ముందు సామీలో పలకరించగలిగే మనిషిని తీసుకురండి. జ్ఞాపకశక్తి పరీక్ష నార్వేజియన్‌లో పెట్టి మార్కులు తక్కువ వచ్చాయంటే మీరు కొలిచింది జ్ఞాపకాన్ని కాదు, నార్వేజియన్‌ని.

ఇక్కడ ముసలివాళ్ళు ఉండే సంరక్షణ కేంద్రాన్ని సికెయెమ్ అంటారు (మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి, అది కాదు). నేను పనిచేసిన ఒకచోట ఉతుకుడుకి వెళ్ళే బట్టల మీద గది నంబర్ అంటించేవాళ్ళం. ఒక పెద్దాయన ప్రతి సాయంత్రం కూర్చుని ఆ స్టిక్కర్లు గోళ్ళతో గీకి పీకేసేవాడు, ఆపబోతే చెయ్యి విసిరేవాడు. ఆందోళనకి మాత్ర రాయించాలన్న దాకా వచ్చింది. అప్పుడు కూతురు చెప్పింది, హాస్టల్లో ఆయన బట్టల మీద నంబరే ఉండేదట, పేరు పెట్టి పిలిచేవాళ్ళు కారట. ఆవిడే ఇంటి నుంచి ఎరుపు నీలం పట్టీ ముక్కలు తెచ్చి ప్రతి చొక్కా కాలర్ లోపల కుట్టింది. వాటి మీద ఆయన పేరు సామీలో రాసుంది. మాత్ర అవసరం పడలేదు. వేళకి దీపాలార్పడం, వరసలో నిలబడి తినడం, తాళం వేసిన తలుపు, ఇలాంటివేవైనా మీ వార్డులో ఉంటే హాస్టల్లో పెరిగిన మనిషి కళ్ళతో ఒకసారి చూడండి.

దుబాసీ విషయంలో మొహమాటం వద్దు

కరాషోక్, కౌటుకేనో, తానా లాంటి సామీ భాషా ప్రాంతంలో ఉన్న మున్సిపాలిటీల్లో ఆరోగ్య సేవలు సామీలో అందుకోవడం పేషెంట్‌కి చట్టం ఇచ్చిన హక్కు. మీరు చేసే ఉపకారం కాదు. మనవణ్ణో మనవరాలినో పిలిచి చెప్పించేయొద్దు, 2022 జనవరి నుంచి నార్వేలో పిల్లల్ని దుబాసీలుగా వాడటం చట్టమే ఒప్పుకోదు. పెద్ద పిల్లలైనా సరే, అమ్మ గర్భసంచి గురించి కొడుకు నోటితో చెప్పించడం ఎంత ఇబ్బందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకో చిక్కుంది. ఊళ్ళు చిన్నవి, అందరికీ అందరూ తెలుసు, వచ్చే దుబాసీ పేషెంట్ మరదలే కావచ్చు. ముందే పేరు చెప్పి "ఈవిడైతే పర్లేదా, వేరే ఊరి నుంచి ఫోన్‌లో మాట్లాడించమంటారా?" అని అడగండి. ఏ సామీ భాషో కూడా కనుక్కోండి, దక్షిణ సామీ మాట్లాడే మనిషికి ఉత్తర సామీ దుబాసీ వల్ల లాభం లేదు.

తలూపితే అర్థమైనట్టు కాదు. ఇది నాకు ఇక్కడ కాదు, మన ఏజెన్సీ ప్రాంతంలోనే తెలిసి ఉండాల్సింది. చదువు అయిన కొత్తలో గోదావరి పక్కన ఒక ఆసుపత్రిలో చేశాను, కోయ మాట్లాడే ఒక తల్లికి బిడ్డ మందులు ఎలా వేయాలో తెలుగులో గబగబా చెప్పాను, ఆవిడ ప్రతిదానికీ "ఊఁ" అంది. వారానికి బిడ్డని మళ్ళీ తీసుకొచ్చింది, సీసా మూత కూడా తీయలేదు. ఆ "ఊఁ" నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇప్పుడు ఏది చెప్పినా, "ఇంటికెళ్ళాక ఏం చేస్తారో మీరు నాకు చెప్పండి" అని అడిగి వాళ్ళ నోటితో వింటాను.

చుట్టాలు, పేర్లు

ఇక్కడ మాత్రం మనకి నార్వేజియన్ నర్సుల కంటే తేలిక. ఉత్తర సామీలో నాన్న అన్నకి ఒక పేరు, తమ్ముడికి ఇంకో పేరు, అమ్మ అక్కకి ఒకటి, చెల్లికి ఒకటి, మేనమామకి వేరు, మేనత్తకి వేరు. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని, అచ్చం మన లెక్కే. ఒకే పేరున్న ఇద్దరి మధ్య కూడా ఒక అనుబంధం ఉంటుంది, పిల్లలకి జ్ఞానస్నానంలో నిలబడిన పెద్దలు కన్నవాళ్ళ తర్వాత అంతటివాళ్ళు. కాబట్టి "దగ్గరి బంధువు" అన్న గడిలో ఒక్క పేరు రాసి ఊరుకోకండి. నిర్ణయాలు ఎవరితో మాట్లాడి తీసుకుంటారో అడిగి అన్నీ రాయండి, పేషెంట్ ఒప్పుకున్నవాళ్ళందరినీ మాటల్లో కలుపుకోండి. ఒకే గదికి పదిమంది వస్తే విసుక్కోవద్దు, కుర్చీలు వేయండి. మనిషి చివరి ఘడియల్లో ఉన్నప్పుడైతే మరీను. వంతులవారీగా పక్కన కూర్చుంటారు, సామీలో కీర్తనలు పాడతారు, ఆ రాత్రికి పెద్ద గది ఇప్పించడానికి మీరు సూపర్‌వైజర్‌తో గొడవపడాల్సి వస్తే పడండి.

చదివేవాళ్ళు, వెండి, పాట

జబ్బు నయం కావాలని, రక్తం ఆగాలని ప్రార్థన చదివే పెద్దలు ఈ ప్రాంతంలో ఉన్నారు. వాళ్ళని చదివేవాళ్ళు అనే అంటారు. మనకి దిష్టి తీయించడం, తేలు కుట్టినప్పుడు మంత్రం వేయించడం తెలుసు కాబట్టి ఆశ్చర్యమేమీ ఉండకూడదు. చాలామంది డాక్టర్ మందులూ వాడతారు, వాళ్ళకి ఫోనూ చేయిస్తారు, మనకి మాత్రం చెప్పరు, నవ్వుతామని. ఆపరేషన్‌కి ముందు "మీరు ఎవరికైనా ఫోన్ చేసుకోవాలా? మీకు కాసేపు ఏకాంతం కావాలా?" అని ఒక్క మాట అడిగి తలుపు దగ్గరగా వేసి బయటికి రండి. ఎవరికి, ఏం చదువుతారు అని ఆరా తీయకండి, అది బయటికి చెప్పేది కాదు. కడుపులోకి తీసుకునే కషాయం లాంటిదేమైనా ఉంటే మాత్రం మందులతో పడుతుందో లేదో చూడాలి కాబట్టి అడగాల్సిందే, ఆ కారణం చెప్పే అడగండి.

పసిపిల్లల ఉయ్యాలకి చిన్న వెండి గుండు వేలాడదీస్తారు, భూమి కింద ఉండే జనం బిడ్డని మార్చేయకుండా కాపాడుతుందని. మన మొలతాడూ దిష్టిచుక్కా ఎలాగో అలాగే. శుభ్రత పేరుతో తీసి డ్రాయర్‌లో పడేయొద్దు. తప్పక తీయాల్సి వస్తే తల్లినే తీయమనండి, బిడ్డకి కనుచూపు మేరలో పెట్టండి. వాళ్ళ సంప్రదాయ దుస్తులు గాక్తి కూడా అంతే, అది చూస్తే మనిషిది ఏ ఊరో ఏ కుటుంబమో తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది. ఎమర్జెన్సీలో కత్తెర పట్టే ముందు బెల్టు, రొమ్ము మీద వెండి బిళ్ళ విప్పడానికి అర నిమిషం దొరుకుతుందేమో చూడండి. ప్రాణం మీదికి వస్తే కోయండి, కోసిన ముక్కల్ని చెత్తలో వేయకుండా మడిచి ఇంటివాళ్ళకివ్వండి.

యోయిక్ అనే వాళ్ళ పాట గురించి విని ముచ్చటపడి వార్డులో పెట్టేయకండి. మతిమరుపు ఉన్న ఒకాయన యోయిక్ వినగానే లేచి కూర్చుని గొంతు కలపడం నేను చూశాను. కానీ పంతొమ్మిదో శతాబ్దంలో లార్స్ లేవి లెస్టాడియస్ అనే పాస్టర్ మొదలుపెట్టిన క్రైస్తవ ఉద్యమం ఇక్కడ గట్టిగా పాతుకుంది, ఆ కుటుంబాల్లో కొందరికి యోయిక్ పాపం. ముందు ఇంటివాళ్ళని అడగండి. ఫిన్లాండ్ వైపు పనిచేసేవాళ్ళకి స్కోల్ట్ సామీలు తగులుతారు, వాళ్ళు ఆర్థడాక్స్ క్రైస్తవులు, మంచం పక్కన పటం పెట్టుకునే చోటు వదలండి.

తిండి సంగతి చిన్నదే కానీ మరిచిపోవద్దు. ఏమీ తినట్లేదని డైటీషియన్‌కి రాసే ముందు రెయిన్‌డీర్ మాంసంతో వండే బిదోస్ పులుసు ఇంటి నుంచి తెప్పించి చూడండి. ఎండు మాంసం ముక్క చేతిలో పెడితే కత్తి అడిగేవాళ్ళున్నారు, సొంతంగా కోసుకుని తినడం వాళ్ళకి తిండిలో సగం. చేతులు వణికే మనిషి అయితే పక్కన ఉండి కోయించండి.

డిశ్చార్జ్ తేదీ, చెకప్ తేదీ ఇచ్చేటప్పుడు మందలున్నవాళ్ళని "ఆ వారంలో పని ఏముంది?" అని అడగండి. వసంతంలో మందని తీరం వైపు తోలుకెళ్ళే రోజులు, వేసవిలో దూడల చెవులకి గుర్తులు వేసే రోజులు, అప్పుడు ఎంత జబ్బైనా రారు, మనం రాసేది "పేషెంట్ హాజరు కాలేదు" అని. ఫోన్‌లో చూడగలిగింది ఫోన్‌లో చూడండి. మేత భూములు పోతున్నాయన్న దిగులుతో నిద్రపోని కుర్రాళ్ళు కనిపిస్తారు, వాళ్ళు కూడా "పర్లేదు" అనే అంటారు. అనుమానం వస్తే కరాషోక్‌లో సామీల మానసిక ఆరోగ్యం కోసమే ఉన్న సాంక్స్ అనే జాతీయ కేంద్రానికి పంపించమని డాక్టర్‌ని గట్టిగా అడగండి.

మాటలు నాలుగు నేర్చుకోండి చాలు. పలకరింపుకి "బురెస్", థాంక్స్‌కి "గీతు". సెలవు తీసుకోవడానికి మాత్రం రెండున్నాయి, వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళతో "బాత్సె దెఅర్వన్", క్షేమంగా ఉండు అంటారు. ఉండేవాళ్ళు వెళ్ళేవాళ్ళతో "మన దెఅర్వన్", క్షేమంగా వెళ్ళు అంటారు. షిఫ్ట్ అయిపోయి మీరు ఇంటికెళ్తుంటే మొదటిది. తుంటి ఎముక విరిగిన ఆ పెద్దావిడ ఇంటికి వెళ్తూ తన కొడుకు కారెక్కుతుంటే నేను అన్నది రెండోది. ఆవిడ అద్దం దించి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు.